తెలియనిచోట చుక్క



మన గ్రంథాలయమునకు నేటితో ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించినారు. నేను పండితుడను గాను. నా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణములు. 1984లో కరణీకములు రద్దయిన నాటికి నాకు పదునారేండ్లు. దస్త్రములు తాలూకా కచేరికి పోయినవి గాని, లెక్క వ్రాయు అలవాటు మాత్రము ఇంటిలోనే మిగిలినది. నాటినుండి సహకార సంఘపు చిట్టాలును, ఊరివారి భూమి కాగితములును వ్రాయుచు బ్రదుకుచున్నాను. భారత భాగవతములు నేను గురువులయొద్ద చదివినవి కావు. ఈ గ్రంథాలయపు బల్లమీద శబ్దరత్నాకరము ప్రక్కనుంచుకొని, తప్పు చదివి దిద్దుకొనుచు నేర్చినవి. కావున నా మాటలలో దోషములుండిన పెద్దలు మన్నింతురు గాక.

నాకిచ్చిన విషయము క్రొత్తది. అడిగిన ప్రశ్నకు జాబు చెప్పెడి కృత్రిమ మేధాయంత్రము నొకదానిని రజతోత్సవ చిహ్నముగా చదువుశాలలో నెలకొల్పవలెనని కార్యవర్గము తలపెట్టినది. దానిని ఎట్లమర్చినచో మన ఊరివారి అక్కఱకు వచ్చును, మన మర్యాదలకు తగియుండును అన్న విషయమున ఒక లెక్కలవాని అభిప్రాయము కావలెనన్నారు. నాకు తోచినది విన్నవింతును.

మొదట ఈ చదువుశాలలో ఇన్నాళ్లు జరిగినదేమో చూతము. ఇక్కడికి వచ్చువారు అడుగునది యొకటి, వారికి కావలసినది యొకటి. ఒకడు పంచాంగమడుగును, వానికి కావలసినది కార్తె. ఒక తల్లి వార్తాపత్రిక అడుగును. ఆమెకు కావలసినది కుమారుని పరీక్షాఫలితము. ఒక ముసలివాడు ఏమియు అడుగక బల్లకడ కూర్చుండును. వాని సంచిలో కచేరినుండి వచ్చిన నోటీసుండును. మన గ్రంథపాలకులు మొదట మంచినీళ్లిచ్చి, తరువాత క్షేమమడిగి, ఆ పిమ్మట కాగితము సంగతి ఎత్తుటను నేను పలుమారులు చూచితిని. జాబు చెప్పుటకు ముందు ప్రశ్నను కనుగొనుట యనగా నిదియే.

ఈ విద్య గ్రంథాలయములకు క్రొత్త గాదు. గణితోపాధ్యాయులుగా నుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములు కట్టిరి. గ్రంథమును దాచుటకంటె వాడించుట ముఖ్యమనియు, వచ్చినవాని కాలము వ్యర్థపుచ్చరాదనియు వానిలో ముఖ్యాభిప్రాయము. మన కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును, వయోజనవిద్యను చేరొక చేత పట్టి నడపిన మహనీయులు. చదువురానివానికి సైతము గ్రంథాలయముతో పని గలదని వారి జీవితమే చెప్పుచున్నది. రాబోవు యంత్రమును మనము ఈ పెద్దల త్రాసులోనే తూచవలెను.

ఇట్టి సేవలు మన యూరిని ఇదివరకే చేరినవి. రైతు ఫోనుచేసి అడిగిన మనుష్యుడే జాబు చెప్పెడి కిసాన్ కాల్ సెంటరులు 2004లో ఆరంభమైనవి. 2022లో కేంద్ర ప్రభుత్వము భారతీయ భాషలకై ‘భాషిణి’ని ప్రారంభించినది. మరుసటి యేడు, అనగా 2023లో, పి.ఎం. కిసాన్ పథకపు సందేహములకు ‘కిసాన్ ఇ-మిత్ర’ వచ్చినది. 2025 జనవరి 30వ తేదీన మన రాష్ట్ర ప్రభుత్వము 161 సేవలతో వాట్సాప్‌లో ‘మనమిత్ర’ను మొదలుపెట్టినది. కచేరి మెట్లెక్కలేని వృద్ధునకు కచేరియే చేతిలోనికి వచ్చుట సామాన్యమైన మేలు గాదు.

ఇక, మనుష్యుని వలె మాటలాడెడి ఈ క్రొత్త యంత్రము పనిచేయు విధము కొంచెము తెలిసికొనవలెను. అది అపారమైన వ్రాతను చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట ఎక్కువ సంభవమో నేర్చినది. ప్రశ్న వేసినప్పుడు ఆ నేర్పుతో ఒక్కొక్క తునుకను చేర్చుచు జాబు కూర్చును. ఆ జాబు తఱచుగా సరియైనదే. కాని సరియైన జాబును, తప్పు జాబును అది ఒకే స్వరముతో, ఒకే నమ్మకముతో చెప్పగలదు. కొన్ని అమరికలలో ముందుగా దస్త్రములు వెదకి, దొరికిన పుటను ఎదుటనుంచుకొని జాబు చెప్పును. ఇది మేలైన పద్ధతి. అయినను పుట దొరకనిచోట ఏమి చేయవలెనో దానిని అమర్చినవారు నిర్ణయింపవలసినదే. నా ప్రసంగమంతయు ఈ దొరకనిచోటును గూర్చియే.

లెక్కలవారమైన మాకు ఈ దొరకనిచోటు బాగుగా తెలియును. బ్రిటిషువారి కాలమున భూములకు రీసెటిల్మెంటు చేసి రిజిష్టరులు వ్రాసిరి. వానిని మేము ఆర్.ఎస్.ఆర్. అందుము. కొన్ని సర్వే నంబరులకెదురుగా పట్టాదారు పేరుండవలసిన గడిలో పేరును లేదు, సర్కారు భూమియన్న మాటయు లేదు. చుక్కలు మాత్రమే యున్నవి. చుక్కల భూములన్న పేరు మీరందరు విన్నదే. ఆ వ్రాతగాండ్రను నేను నిందింపను. తెలియని పేరును కల్పించి వ్రాయకపోవుట వారి ధర్మమే. కాని ఆ చుక్క ఏల పెట్టబడినది, నిజము తేల్చవలసినవారెవరు, ఎన్నాళ్లలో తేల్చవలెను అన్నది అందు లేదు. దున్నుకొనుచున్నవారు తరతరములుగా దున్నుకొనుచునే యుండిరి. 2016లో ఆ భూములు నిషేధిత జాబితాలో చేరగా, బిడ్డ పెండ్లికి ఎకరము అమ్మబోయిన రైతునకు రిజిష్టరు కాదన్న జాబు వచ్చెను. ఆ చిక్కు విప్పుటకు 2017లో శాసనసభ ప్రత్యేకముగా ఒక చట్టమే చేయవలసివచ్చినది. 2023లో రెండు లక్షల యెకరములకు పైగా భూమిని నిషేధమునుండి తొలగించిరి. ఒక చుక్క వెనుక ఇంత కథ గలదు.

దీనినుండి నేను నేర్చుకొన్నది రెండు విధముల దోషము. తెలియనిచోట చుక్కపెట్టి ఊరకుండుట యొక దోషము. చుక్క ఉండవలసినచోట పేరు కల్పించి వ్రాయుట దానికంటె పెద్ద దోషము. మొదటిది పూర్వపు వ్రాతగాండ్రది. రెండవది నేను చేసినది. ఈ సభలో ఆ మాట ఒప్పుకొనవలెననియే వచ్చితిని.

సుమారిరువది యేండ్ల క్రిందట భర్త పోయిన యొక రైతుబిడ్డ నాయొద్దకు వచ్చినది. భర్త పేరనున్న నాలుగెకరములు తన పేరికి మార్చుకొన్నగాని పంట అప్పు పుట్టదు. ఏమేమి కాగితములు కావలెనని అడిగినది. మరణ ధ్రువపత్రమును, పాసుపుస్తకమును చాలునంటిని. కుటుంబ సభ్యుల ధ్రువపత్రము కూడ కావలెనన్నది ఆనాడు నాకు నిశ్చయముగా తెలియదు. తెలియదనుటకు నోరు రాలేదు. అరుగుమీద నలుగురు కూర్చుండియుండిరి; కరణముగారి కుమారుడను గదా! ఆమె బస్సెక్కి పోయి తిరిగివచ్చినది, మరల పోయినది. ఇంతలో ఏరువాక సాగెను, అప్పు గడువు దాటెను. విత్తనములకు నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, దానిని తీర్చుటకు మూడేండ్లు కూలికి పోయినది.

ఆమె నన్ను ఒక్క మాట యనలేదు. ఒకనాడు నేనే సిగ్గు విడిచి, మండల కచేరిలో ముందుగా ఒకమారు విచారించి యుండవలసినదమ్మా యంటిని. అందుకామె, “నువ్వు సెప్పినావు గదా సామీ, ఇంగొకర్ని అడిగేదెందుకని ఊరుకుంటి” అన్నది.

ఆ మాట నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది. నా తప్పు జాబు వలన గలిగిన కీడు తప్పుతో నిలువలేదు. అది ఆమెను మఱియొకరి నడుగకుండ చేసినది. తెలియదని చెప్పియుంటినేని ఆమె ఆనాడే వేరొక గుమ్మము తట్టెడిది. నేడు మనము తేబోవు యంత్రము నాకంటె మృదువుగా, నాకంటె నమ్మకముగా మాటలాడును. దానిని నమ్మి మఱియొకరి నడుగనివారు మన యూరిలో ఎందరగుదురో మీరే ఊహించుకొనుడు. యంత్రమునకు అరుగుమీది నలుగురి భయము లేదు, అహంకారమును లేదు. అయినను ఏదో యొక జాబు చెప్పుటయే మేలని దానిని అమర్చినచో అదియు నావలెనే గడి నింపును. అందుచేత దోషము యంత్రముది గాదు, అమర్చినవారిది.

మఱి ఎట్లమర్చవలెను? దీనికి క్రొత్త శాస్త్రము వెదకనక్కఱలేదు. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టమును చూడుడు. అడుగువాడు ఎందులకడుగుచున్నాడో చెప్పనక్కఱలేదని 6వ సెక్షనులో నున్నది. ప్రశ్న వేరొక కార్యాలయమునకు చెందినదైన, అయిదు దినములలో అచ్చటికి పంపవలెనని ఆ సెక్షనులోనే యున్నది. సమాచారమీయ నిరాకరించిన కారణము చెప్పవలెను, ఎన్ని దినములలో ఎవరికి అప్పీలు చేసికొనవచ్చునో చెప్పవలెనని 7వ సెక్షను. చుక్క పెట్టుటకు ఇదియే సరియైన విధము. తెలియదని చెప్పుము, ఏల తెలియదో చెప్పుము, ఎవరికి తెలియునో వారి గుమ్మము చూపుము. గుమాస్తాకు విధించిన ఈ ధర్మమును యంత్రమునకు విధింపకుండుటకు కారణము నాకు కనబడదు.

రెండవది ఆధారము. మన కడపలో నివసించి వేమన పద్యములు సేకరించిన బ్రౌను దొరగారు ఒక్క ప్రతిని నమ్మి అచ్చువేయలేదు. పలుతావుల తాటాకు ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్పించి, పాఠభేదములు చూపించిరి. వారు కాపురమున్న తావుననే నేడు వారి పేర భాషాపరిశోధన కేంద్రము వెలసియున్నది. యంత్రము చెప్పు ప్రతి జాబునకును ఇది ఫలానా ఉత్తరువులో నున్నది, ఆ ఉత్తరువు ఫలానా తేదీది అన్న గుర్తుండవలెను. తేదీ లేని లెక్కను మా సంఘములో తనిఖీదారు ఒప్పుకొనడు. తేదీ లేని జాబును మనమేల ఒప్పుకొనవలెను?

మూడవది, ముఖ్యమైన మాట గట్టిగా చెప్పుట. ద్రోణపర్వములో ధర్మరాజు అశ్వత్థామ చచ్చెనని గట్టిగా పలికి, ఏనుగన్న మాట మెల్లగా పలికెను. మాటలన్నియు నిజమే. అయినను విన్న గురువునకు చేరినది అసత్యము. అంతవరకు నేలకు నాలుగంగుళముల పైనడచిన ఆయన రథము ఆనాడు నేలనంటెను. ‘ఇది పొరపాటు కావచ్చును’ అన్న మాటను సన్నని అక్షరములతో అడుగున వ్రాసి, తప్పు జాబును పెద్ద అక్షరములతో పైన వ్రాయు యంత్రము ధర్మరాజువలెనే పలుకుచున్నది. అక్షరములు చదువలేనివానికి ఆ సన్నని వ్రాత ఏమి పనికివచ్చును? ఆ హెచ్చరిక జాబులోనే, జాబంత గట్టిగా, నోటితో వినబడవలెను.

నాలుగవది మన మాట, మన కొలత. ఒక సీమలోనే వేరుసెనగను ఒక తావున చెనిక్కాయలందురు, మఱియొక తావున బుడ్డలందురు. యంత్రము చదివిన వ్రాతలో ఆంగ్లమెక్కువ, తెలుగు తక్కువ, మన సీమ పలుకుబడి మఱియు తక్కువ. రేపు ఎన్ని మిల్లీమీటర్ల వాన కురియునో అది చెప్పును. రైతు అడుగునది పదునగునా కాదా యని. ఎఱ్ఱ గరపనేలకు చాలిన పదును నల్లరేగడికి చాలదు. కావున ఏ నేల అని మొదట ఎదురు ప్రశ్న వేయని యంత్రము ఎంత చదివినను మనకు జాబు చెప్పలేదు.

అక్కఱ యెఱుగని ఏర్పాటు ఏమగునో మన కాలువయే చెప్పుచున్నది. తుంగభద్రపై సుంకేసుల కడనుండి కడపవరకు పారు కర్నూలు-కడప కాలువను 1860ల దశకములో ఒక ఆంగ్ల కంపెనీ త్రవ్వించినది. పైరులకు నీరమ్ముటకును, పడవలు నడపుటకును వారి లెక్క. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు వేయు రైతునకు వాన కుదిరిన యేట నీటితో పనిలేదు. కుదరని యేట మాత్రమే ప్రాణము. అందుచేత వారనుకొన్నంత నీరు రైతులు కొనలేదు. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది. నేడు అదే కాలువ నీటికి మన రైతులు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచుచున్నారు. కాలువ చెడ్డది గాదు. త్రవ్వుటకు ముందు రైతును ఏ నెల, ఏ పైరునకు, ఎంత నీరు కావలెనని అడిగి యుండవలసినది.

అయిదవది గుట్టు. రోగము సంగతి, అప్పు సంగతి, ఇంటి కలహము సంగతి యంత్రమునడుగువారుందురు. ఆ ప్రశ్నలు వేరొకరి చేత పడరాదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము వచ్చినది. చట్టమునకు ముందే మన గ్రంథపాలకులు, ఎవరే పుస్తకము తీసికొనిపోయిరో అరుగుమీద చెప్పకుండుట అను మర్యాదను పాటించుచున్నారు. దానితో పాటు యంత్రపు కూలి ఎవరిచ్చుచున్నారో ఊరికి తెలియవలెను. పురుగుమందు అమ్మువాడు కూలియిచ్చు యంత్రము ప్రతి తెగులునకు మందే చెప్పును. ఈ యేటికి మందక్కఱలేదని దాని నోట రాదు.

పెద్దలు కొందఱు నన్ను అడుగవచ్చును: ఇన్ని చిక్కులుండగా ఆ యంత్రమే మనకేల యని. నేనట్లనను. మనుష్యులు కసరుకొనుదురు, విసుగుకొనుదురు, రేపు రమ్మందురు. నన్నడుగుటకు సిగ్గుపడిన విధవరాలు యంత్రమును సిగ్గుపడక అడుగవచ్చును. చదువురాని తల్లి నోటిమాటతో అడిగి చెవితో వినవచ్చును. రాత్రి బిడ్డకు జ్వరము వచ్చిన, ఎప్పుడు వైద్యుని కడకు పరుగెత్తవలెనో అడుగవచ్చును. ఈ మేలు మన బీద యూరికి రాకుండ చేయు హక్కు నాకు లేదు. 2021 నవంబరులో యునెస్కోలోని 193 దేశములు కృత్రిమ మేధకు నీతి నియమములు ఒప్పుకొన్నవి. మనుష్యుని గౌరవము, హక్కులు మొదట, యంత్రము పిదప అన్నదే వాని తాత్పర్యము. అంత పెద్ద సభలో ఒప్పుకొన్నది ఇంత చిన్న చదువుశాలలో ఆచరణకు రాకున్న అది కాగితముగానే మిగులును.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము. యంత్రము నుంచుడు. దానిని ఒంటరిగా మాత్రముంచకుడు. గ్రంథపాలకుని బల్ల ప్రక్కననే యుంచుడు. దాని కెదురుగా ఒక పొడుగు పుస్తకము పెట్టుడు. యంత్రము తెలియదన్న ప్రశ్నయు, చెప్పిన జాబు తప్పని తేలిన ప్రశ్నయు అందులో ఎక్కవలెను. మొదటి గడిలో తేదీ. రెండవ గడిలో ప్రశ్న. అడిగినవారి పేరక్కఱలేదు, గుర్తుకొఱకు ఒక అంకె చాలును. మూడవ గడిలో ఎవరి నడుగవలెను, నాలుగవ గడిలో ఎవరు పోయి అడిగిరి, అయిదవ గడిలో వచ్చిన జాబు. నెలకొకమారు కార్యవర్గము ఆ పుస్తకమును తనిఖీ చేయవలెను. అయిదవ గడి నిండని వరుస నెల దాటి యుండరాదు. తప్పు జాబుల పట్టిక యంత్రమును అమర్చినవారికి పంపవలెను. వారు దిద్దనిచో దానిని వాడుట మానవలెను.

ఆ పుస్తకమునకు చుక్కల పుస్తకమని పేరు పెట్టుకొందము. దానిని వ్రాయుటకు వేరొకరిని వెదకనక్కఱలేదు. నా కన్నులు, చేయి పనిచేయునంతకాలము జీతము లేక నేనే వ్రాయుదును. ఇరువది యేండ్ల క్రిందట నేను చుక్క పెట్టక వదలిన ప్రశ్నను దాని మొదటి వరుసలో వ్రాసి, సరియైన జాబును ఎదురుగా వ్రాయుదును. ఆ జాబు కావలసిన బిడ్డలు నేటికిని మన యూరిలో నున్నారు.

 ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలబెట్టిన దాతలకును, చదువరులకును, గ్రంథపాలకులకును శుభమగు గాక. ఇచ్చట అడిగినవారెవ్వరును రిక్తహస్తములతో మరలిపోకుందురు గాక. సెలవు.